అలసందలు మెక్కే ప్రెసిడెంటు

"సాయంత్రం దాకా ప్రెసిడెంటును బతికించు. అంతే నీ పని."

జోలిబా దేశపు సీక్రెట్ సర్వీస్ చీఫ్ కొనాతే మిగతా బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు. విషం మధ్యాహ్న విందులోనే ఉంది. ఏ గిన్నెలోనో తెలియదు. విదేశీ గని కంపెనీ మనిషి దుబోరెల్ దీని వెనుక ఉన్నాడు. గార్డుల కెప్టెన్ సాంబాను అప్పుడే కొనేశాడు. నోరు తెరిచి అరిస్తే కెప్టెన్ నిన్నూ ప్రెసిడెంటునూ కాల్చేసి, హంతకుడు నువ్వేనని రేడియోలో చెప్పిస్తాడు.

అలా ఏజెంట్ తియెమోకో కెయితా తెల్ల చేతితొడుగులు వేసుకుని, వడ్డించేవాడి వేషంలో ప్రెసిడెంటు కుర్చీ వెనుక నిలబడ్డాడు. చొక్కా గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్ ఎండకు పొద్దున్నే చచ్చింది. తలుపులకు బయట గడియ పడింది. అతనికి భయంగానే ఉంది.

కుర్చీలో మనిషిని చూస్తే జాలి కూడా వేసింది. ఒకప్పుడు సార్జెంటుగా లారీ కింద గుర్రుపెట్టి నిద్రపోయిన జాంగా కులిబాలి, దేశాధినేత అయ్యాక కిటికీ తలుపైనా తన చేత్తో తీసి ఎరగడు. చుట్టూ అందరూ వంగి మాట్లాడేవాళ్ళే.

బల్లకు అటువైపు అతిథిగా దుబోరెల్, అతని పక్కన ఐసాతా, పట్టుగౌనులో, అత్తరు ఘుమఘుమలతో. ఆమె తన మనిషేనని దుబోరెల్ నమ్మకం. నిజానికి ఆమె కొనాతే మనిషి. విషం ఉన్న గిన్నె రాగానే చెవికమ్మ తాకాలి, అదీ గుర్తు.

చేపల కూర వచ్చింది. ఆమె కదలలేదు. అన్నం వచ్చింది. కదలలేదు. ఎండు సొరబుర్ర గిన్నెలో సజ్జల పెరుగుజావ వచ్చింది. ప్రెసిడెంటు దాన్ని ఎత్తి పెదవుల దాకా తెచ్చాడు. ఐసాతా వేలు చెవికమ్మ మీదికి పోయింది.

ఒలకబోస్తే ఇంకో బుర్ర వస్తుంది. చెబితే తూటా వస్తుంది. కెయితా చెయ్యి చాచి ప్రెసిడెంటు నోటి దగ్గరి బుర్రను లాక్కున్నాడు.

"ఒరేయ్ అలసందలు మెక్కే కులిబాలీ! నీ దొర కెయితా నిలబడి ఉండగా నువ్వు తాగేస్తావట్రా?"

తలుపు దగ్గరున్న కెప్టెన్ సాంబా చెయ్యి పిస్తోలు మీద పడింది. కానీ గోడవారనున్న జవాన్లు పకాలున నవ్వేశారు. కెయితా ఇంటిపేరు వాళ్ళకూ కులిబాలీ ఇంటిపేరు వాళ్ళకూ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. అలసందలు మెక్కేవాడని తిట్టినా, చేతిలోది లాక్కు తిన్నా కోపం రాకూడదు. ఆ వరస మీద పిస్తోలు తీసినవాణ్ణి సొంత జవాన్లే బతకనివ్వరు. కెప్టెన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ప్రెసిడెంటు ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ తర్వాత ఆయనలోని పాత సార్జెంటు లేచాడు.

"నోర్ముయ్యరా, మా కొట్టంలో పేడ ఎత్తేవాడా! మీ ముత్తాతను అలసందలు పెట్టి పెంచింది మేమేరా. ఇటియ్యి!"

"ఇవ్వనుగాక ఇవ్వను. మన తగువు అతిథే తీర్చాలి. అయ్యా, మొదటి గుక్క మీది."

బుర్ర తన ముందుకు రాగానే దుబోరెల్ ముఖం పాలిపోయింది. "నాకు... పెరుగు పడదు."

"పోయినవారం ఇక్కడే బుర్ర నాకి మరీ తాగావు కదయ్యా," అన్నాడు ప్రెసిడెంటు.

నవ్వులు ఆగిపోయాయి. యుద్ధాలు చూసిన ఆ కళ్ళు బుర్ర నుంచి అతిథి మీదికి, అతిథి నుంచి కెప్టెన్ మీదికి వెళ్ళాయి.

"సాంబా పిస్తోలు లాక్కోండి. ఇద్దర్నీ కట్టెయ్యండి."

జవాన్లు తటపటాయించలేదు. దుబోరెల్ అరుపులు వరండా చివరిదాకా వినిపించాయి.

గదిలో ఐసాతాతో కలిపి ముగ్గురే మిగిలాక ప్రెసిడెంటు గొంతు తగ్గింది. "ఇంకోసారి తిట్టరా, కెయితా. ఈ కుర్చీ ఎక్కాక నన్నలా పిలిచినవాడు లేడు." ఆయన కళ్ళు తడిశాయి. "రేపట్నుంచి మూడుపూటలా నా పక్కనే తిను. ఇల్లూ వాకిలీ మర్చిపో."

బయట మళ్ళీ గడియ పడింది. సాయంత్రం దాకా అన్న ఉద్యోగం యావజ్జీవమైపోయిందని కెయితాకు అప్పుడు తెలిసింది.

"ఇద్దరికీ అలసందలే వడ్డించమననా?" అంది ఐసాతా, చెవికమ్మ సర్దుకుంటూ.