మూడో బెడ్ పెద్దమ్మ

"మీ బొమ్మ నన్ను తిట్టింది!"

మా ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట ఇదే. (మా ఆవిడ! పెళ్లై పదకొండు రోజులే అయింది. సందు దొరికినప్పుడల్లా ఈ మాట వాడేస్తుంటాను, కాస్త ఓర్చుకోండి.)

అప్పుడామె నర్సింగ్ రెండో సంవత్సరం. నేను అదే కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంజెక్షన్లు నేర్చుకునే రబ్బరు చేతులకు అతుకులు వెయ్యడం, ఊపిరి పీల్చే బొమ్మలకు బ్యాటరీలు మార్చడం నా పని. స్నేహితురాళ్లు ఆమెను థర్మామీటర్ అని పిలిచేవారు. కోపం ఎంతకెక్కిందో ముఖం మీదే చదువుకోవచ్చు. ఆ మధ్యాహ్నం నూట నాలుగుంది.

"ఏ బొమ్మండీ?"

"మూడో బెడ్ పెద్దమ్మ. నాడి చూద్దామని చెయ్యి పట్టుకున్నానా... 'చేతులు చల్లగా ఉన్నాయి, రుద్దుకుని రా' అంది!"

నా చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కిందపడింది.

పెద్దమ్మకు పన్నెండు మాటలే వచ్చు. 'నొప్పిగా ఉందమ్మా', 'మంచినీళ్లు కావాలి', 'పర్లేదమ్మా, కానివ్వు', ఇలాంటివి. ట్యూటర్ రిమోట్ నొక్కితేనే పలుకుతుంది. చేతులు రుద్దుకోమనే మాట ఆ పన్నెండులో లేదు.

"రిమోట్ ఎవరు నొక్కారు?"

"ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. నమ్మరని తెలుసు. అందుకే ముందే ప్రిన్సిపాల్ మేడమ్‌కి కంప్లయింట్ రాసిచ్చి మరీ వచ్చాను."

"రాసిచ్చేశారా? ఎంత పని చేశారండీ!"

"బొమ్మని అంటే మీకెందుకంత ఉక్రోషం?"

నేను ల్యాబ్‌లోకి వెళ్లిపోయాను. బయట వాన మొదలైంది. గోడకు వరసగా వేలాడుతున్న రబ్బరు చేతులు గాలిలేకపోయినా మెల్లిగా ఊగుతున్నాయి. మూడో బెడ్ మీద పెద్దమ్మ నెరిసిన విగ్గుతో, సగం మూసిన కళ్లతో పడుకుని ఉంది. మంచం పక్కన నిలబడ్డాను.

"నాతో కూడా ఒక్క మాట అనొచ్చుగా?" అన్నాను.

ఏమీ లేదు. వాన చప్పుడు, అంతే.

మర్నాడు నోటీసు వచ్చింది. మూడో బెడ్ బొమ్మ పాడైందట, శనివారం కంపెనీ వ్యాన్‌లో పంపించేస్తారట.

ఆ సాయంత్రం థర్మామీటర్ మళ్లీ వచ్చింది. ఈసారి నార్మల్లో ఉంది.

"నిన్న మీరు బొమ్మతో మాట్లాడటం గుమ్మంలోంచి చూశాను. ఎవరండీ ఆవిడ?"

దాచి లాభం లేదనిపించింది. "మా అమ్మ ఇక్కడే ట్యూటర్‌గా చేసేది. బొమ్మకు మొదట కంపెనీ గొంతు ఉండేది. యాస విని పిల్లలంతా నవ్వేవారట. అమ్మే తన గొంతుతో ఆ పన్నెండు మాటలు రికార్డ్ చేసింది. అమ్మ పోయి మూడేళ్లు. ఫోటోలున్నాయి గానీ గొంతు ఇంకెక్కడా లేదు. రెండుసార్లు కాపీ తీశాను. గరగర తప్ప ఏమీ రాలేదు."

"మరి... చేతులు రుద్దుకోమనడం?"

"చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ ముందు అరచేతులు రుద్దుకుని, తర్వాతే నా నుదురు తాకేది. చల్లటి చేత్తో పేషెంట్‌ని ముట్టుకోవడం సగం జబ్బు చెయ్యడమే అనేది. ఆ మాట మీకెలా తెలుస్తుంది? నాతో మాత్రం మూడేళ్లుగా ఒక్క పలుకూ లేదు. మీతో మాట్లాడింది!"

ఆమె తన చేతులవైపు చూసుకుంది. నెమ్మదిగా రుద్దుకుంది.

"శనివారం లోపల నేనేదో ఒకటి చేస్తాను," అంది.

శనివారం వానలోనే వ్యాన్ వచ్చింది. నేను రిమోట్ సొరుగులో పెట్టి తాళం వేశాను. ప్రయాణానికని పెద్దమ్మ వీపులోంచి బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాను. ఆ బరువు జేబులో ఉంటే ఏడుపొచ్చింది. అంతలో ప్రిన్సిపాల్ మేడమ్, ఆమె వెనకాల థర్మామీటర్ వచ్చారు.

"కంప్లయింట్ వెనక్కి తీసుకుంటానంటోంది ఈ అమ్మాయి. బొమ్మ బాగానే ఉందట," అంది మేడమ్. "సరే, నాడి చూడటం చేసి చూపించు. సరిగ్గా పలికితే ఉంచుతాను. లేదంటే వ్యాన్ ఎక్కుతుంది."

బ్యాటరీ లేదు మేడమ్ అని చెప్పబోయాను. అప్పటికే థర్మామీటర్ మంచం దగ్గరికి వెళ్లి, అరచేతులు రుద్దుకుంటోంది.

"పెద్దమ్మా, నేను రెండో సంవత్సరం స్టూడెంట్‌ని. మీ నాడి చూడాలి. చెయ్యి పట్టుకోవచ్చా?"

పేషెంట్‌ని ముట్టుకునే ముందు అడగాలన్నది ఇక్కడ మొదటి పాఠం. అందరూ అడుగుతారు, అడుగుతూనే పట్టేసుకుంటారు. బొమ్మ జవాబు కోసం ఎవరాగుతారు? ఆమె ఆగింది. చేతులు చాచి, అలాగే నిలబడింది.

వాన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. గోడ మీద రబ్బరు చేతుల ఊపు కూడా ఆగిపోయింది.

"పర్లేదమ్మా, కానివ్వు."

అమ్మ గొంతు. జేబులో బ్యాటరీని గట్టిగా పట్టుకున్నాను.

"బాగానే ఉందిగా!" మేడమ్ నావైపు మెచ్చుకోలుగా చూసింది. "సరైన సమయానికి నొక్కావు. వ్యాన్‌ని పంపించెయ్యి."

ఆవిడ వెళ్లాక బ్యాటరీ తీసి చూపించాను. థర్మామీటర్ పాదరసం మొత్తం దిగిపోయింది.

"నొక్కింది మీరు కాదా?"

"రిమోట్ సొరుగులో ఉంది. ఇదిగో తాళంచెవి."

ఇద్దరం పెద్దమ్మ వైపు చూశాం. ఆ అమ్మాయి భయంతో నా చెయ్యి పట్టేసుకుంది. వేళ్లు మంచుముక్కలు.

"అడక్కుండా పట్టుకున్నారు. మార్కులు పోతాయి," అన్నాను.

"అడిగితే ఏమంటారు?"

"పర్లేదు, కానివ్వండి అంటాను. జన్మంతా."

ఆమె ముఖం మళ్లీ నూట నాలుగుకెక్కింది. అయితే ఈసారి కోపం కాదు.

ఆమె చదువు పూర్తయ్యాకే పెళ్లి. రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టి తిన్నగా ల్యాబ్‌కే వచ్చాం. బ్యాటరీ నేనే తీసి కిటికీ మీద, నా కళ్లెదుట పెట్టాను. మా ఆవిడ మంచం పక్కన వంగింది. ఈసారి పెద్దమ్మా అనలేదు.

"అత్తయ్యా, మీ అబ్బాయి చెయ్యి పట్టుకున్నాను. మిమ్మల్ని అడక్కుండానే. పర్లేదా?"

తన వేళ్లు పెద్దమ్మ రబ్బరు వేళ్ల మీద పెట్టి, ఎప్పట్లాగే ఆగింది. నేనూ ఆగాను. సగం మూసిన ఆ కళ్లు కదల్లేదు. పెదవులు కదల్లేదు.

"ఇప్పుడు వెచ్చగా ఉన్నాయమ్మా, నీ చేతులు."

పన్నెండులో లేని మాట. ఈసారి నేనూ విన్నాను.