రెండు సెకన్ల గడువు

మనిషి మాటకు రెండు సెకన్ల గడువు పెట్టిన రోబో తయారీదారులారా, తప్పు మీదే. మీలో మొదటి దోషిని నేను.

ప్రదర్శనశాలలో జనానికి దారి చెప్పే రోబోను తయారుచేశాను. కాలేజీలో చదివి కాదు, పాత మోటార్లు విప్పి నేర్చుకుని. ముద్దుపేరు బుడ్డోడు. ఎదుటివాళ్ళు రెండు సెకన్లు ఆగితే చాలు, ప్రశ్న అయిపోయిందని వాడి లెక్క.

ప్రారంభానికి ముందురోజు, అక్కడ బోర్డులు రాసే అమ్మాయి వాడి ముందు నిలబడింది. ఆమెకు నత్తి.

"బొ... బొమ్మల..."

"మీ ప్రశ్న అర్థం కాలేదు. తర్వాతివారు రండి," అన్నాడు బుడ్డోడు.

నాకు నవ్వొచ్చింది. "బొమ్మల గది ఎటు అనేగా? ఎడమవైపు."

"ఆ గదికి రంగులేసిందే నేను. దా... దారి నాకు తెలీదా? బొమ్మలు గీసిందెవరో చె... చెబుతాడేమో చూద్దామనుకున్నా." ఆమె కుంచెను డబ్బాలో పడేసింది. "అచ్చం నీ పోలికే వీడు."

"నేనేం చేశాను?"

"ఆరు నెలలుగా నా మా... మాటలన్నీ నువ్వే పూర్తి చేస్తున్నావు."

సాయం చేస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. కలిసి టీ తాగుతున్నా, ఆమె ఎక్కిన నిచ్చెన పట్టుకుని నిలబడినా, తడబడితే చాలు, మాట అందించేవాణ్ణి. అంటే నేను విన్నది ఆమె మాటల్లో సగమే. మిగతా సగం నావే. మరి నేను మనసు పడింది ఎవరి మీద?

మేనేజరు దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. "గడువు తీసేస్తాను సార్."

"క్యూ కదలాలయ్యా. నీ ప్రేమ గోల వాడికెందుకు?"

"అయితే బుడ్డోణ్ణి ఇంటికి తీసుకుపోతా."

ఆయన తల పట్టుకున్నాడు. "ఏదో ఒకటి ఏడువు."

సాయంత్రానికి వాడి పొట్ట మీద ఒక మీట బిగించాను. అడిగినవాళ్ళు తమ చేత్తో అది నొక్కేదాకా వాడు నోరు మెదపకూడదు.

ఆమెను పిలిచాను. వచ్చింది.

"వీ... వీణ్ణి చేసినవాడికి పె..."

నా నాలుక దురద పెట్టింది. పంటి బిగువున ఊరుకున్నాను. బుడ్డోడూ ఊరుకున్నాడు.

"...పెళ్ళి కుదిరిందా?" మీట నొక్కింది.

"ఆ వివరం నా దగ్గర లేదు. సిబ్బందిని అడగండి."

నేను నోరు తెరిచాను. ఆమె కుంచె అడ్డం పెట్టింది.

"ఆగు. ఇంకా అ... అవలేదు. న... నన్నడుగు. జవాబు మాత్రం నేనే చె... చెబుతాను."

అడిగాను. 'స' దగ్గర మొదలైన జవాబు 'సరే' అయ్యేసరికి పదకొండు సెకన్లు పట్టింది. ఆ పదకొండూ నావి, ఒక్కటి కూడా తగ్గించుకోను.

తయారీదారులారా, మీ రోబోల్లో ఆ గడువు తీసేయండి. ఇవాళే. అంతకంటే ముందు మీ చెవులకున్న గడువు తీయండి.