బేరమాడని మనిషి

పరిగెత్తుతున్నాడు!

సంచిలో చెక్క బొమ్మలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. టకటక... టకటక...

రెండు షాపుల్లో కొన్నవి, ఎనిమిది బొమ్మలు. ఎనిమిదింటికీ ఒకటే మొహం.

అతని మొహం!

చీకటి పడుతోంది. వీధి పొడుగునా షాపులే. బుట్టలు, కుండలు, చెక్క బొమ్మలు... అన్నీ ఇక్కడివాళ్ళు చేత్తో చేసినవే. టూరిస్టు బస్సులు ఆగే చోటు. గంట టైమిచ్చాడు డ్రైవరు. అందులో అరగంట అయిపోయింది.

ఈ ఊళ్ళో ఆగుతుందని ముందే తెలిస్తే చచ్చినా ఆ బస్సెక్కేవాడు కాదు!

భార్య వీధి మొదట్లోనే కుండల దగ్గర చతికిలబడింది. ఒక్కో కుండకి పావుగంట బేరమాడే మనిషి. ఆ బేరమే ఇప్పుడు అతన్ని కాపాడాలి.

కుండలయ్యాక బొమ్మల దగ్గరికొస్తుంది. చూస్తుంది. చూసి ఊరుకునే రకం కాదు... వీధంతా వినపడేట్టు నవ్వుతుంది. 'ఏవండీ, ఇది మీరే!' అంటుంది.

ఇంకెవరూ పోల్చుకోలేరు. నాలుగేళ్ళలో గడ్డం పెంచాడు. కళ్ళజోడు పెట్టాడు. ఒళ్ళు చేశాడు. ఆ బొమ్మకి గడ్డం లేదు. పీక్కుపోయిన బుగ్గలు... వంకర ముక్కు... భుజాన మూట.

దొంగ బొమ్మ!

ఎవరు చెక్కి ఉంటారో అతనికి తెలుసు.

నాలుగేళ్ళ కిందట. ఈ వీధి వెనక సందులో ఒక ఇల్లు. బొమ్మలు చేసేవాడి ఇల్లు. డబ్బు పెట్టె చేతికి దొరికింది. అంతలో ఆ మనిషి నిద్ర లేచాడు. అక్కడే ఉన్న చెక్క సుత్తితో ఒక్క దెబ్బ! గుమ్మంలో ఆడమనిషి... అగ్గిపుల్ల గీసింది... మంట లేచింది... ఆరిపోయింది.

దెబ్బ తిన్నవాడు మళ్ళీ లేవలేదని పేపర్లో చదివాడు.

చివరి షాపు! గల్లాపెట్టె ముందు ఒక ముసలాయన.

"తాతా! ఆ దొంగ బొమ్మలు కట్టు!"

"ఏ దొంగ నాయనా? ఈ అరలో అందరూ దొంగలే."

"ఆ వంకర ముక్కువి. మూడూ కట్టు. తొందరగా!"

"ఒక్కోటి ఐదొందలు."

నోట్లు బల్ల మీద పడేశాడు. ముసలాయన వాటిని ముట్టుకోలేదు. అతని వైపే చూస్తున్నాడు.

"ఐదొందలంటే ఐదొందలూ ఇచ్చేస్తావా? నేను మూడొందలకి దిగుదామని కూర్చున్నానే!"

"బస్సు పోతుంది తాతా!"

"ఒకే రకం మూడెందుకయ్యా? మీ ఇంట్లో దొంగలు తక్కువయ్యారా?"

అతను బొమ్మలు లాక్కుని సంచిలో కుక్కాడు. "ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"చేసే చోట ఉంటాయి. వెనక సందులో."

వెనక సందు!

వెళ్ళకూడదు... కానీ బొమ్మలు చేసే చోటు చూపించమని భార్య బస్సు దిగుతూనే పోరు పెట్టింది. చూడకుండా బస్సెక్కదు!

కాళ్ళు వాటంతటవే సందులోకి తిరిగాయి.

అదే గుమ్మం. పైన కొత్తగా ఇనప షట్టరు. నేలంతా చెక్క పొట్టు, రంగు వాసన. బల్బు కింద ఒక మనిషి తలొంచుకుని ఉలితో చెక్కుతోంది.

ఆవిడే!

తలెత్తింది. చూసింది. ఆ కళ్ళలో ఏమీ లేదు.

గుర్తుపట్టలేదు! పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"రండి. ఏం కావాలి?"

"దొంగ... దొంగ బొమ్మలు."

"ఎవరిని ఇవ్వమంటారు?" గోడ వైపు చెయ్యి చూపించింది.

అప్పుడు చూశాడు. అరల నిండా దొంగలు! గుండ్రటి మొహాలు, కోల మొహాలు, చప్పిడి ముక్కులు... షాపుల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. తన మొహం తప్ప ఇంకోటి కంటికి ఆనితేగా!

"ఆ... ఆ వరస."

"ఆ వరస ఒక్కటేనా?"

"అవును. అన్నీ."

ఆవిడ ఉలి కింద పెట్టింది. నెమ్మదిగా.

"పద్నాలుగు మొహాలు చెక్కానయ్యా. అగ్గిపుల్ల వెలుగులో నేను చూసింది సగమే. పోలీసులు అడిగితే చెప్పలేకపోయాను. ఇలా ఉండొచ్చు, అలా ఉండొచ్చు అని తోచిన మొహమల్లా చెక్కాను. అందులో నిజం ఏదో నాకూ తెలీదు."

అతను సంచి వెనక్కి దాచాడు.

"షాపుల వాళ్ళకి ఒకటే చెప్పాను. ఏ మొహాన్నైనా బేరమాడకుండా మొత్తం కొనేసేవాడు వస్తే నాకు ఫోన్ చెయ్యమని. నాలుగేళ్ళు! ఇవాళ మూడు ఫోన్లొచ్చాయి."

దూరంగా బస్సు హారన్!

తేరుకున్నాడు. గట్టిగా నవ్వాడు. "బొమ్మలు కొంటే నేరమా అమ్మా? నచ్చాయి, కొన్నాను. నేనే అని సాక్ష్యం ఉందా? ఈ గడ్డానికీ ఆ బొమ్మకీ పోలికెక్కడ?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదు," అంది చివరికి. "సాక్ష్యం లేదు."

అయిపోయింది! గెలిచాడు! సంచి అక్కడే వదిలేసి గిర్రున తిరిగాడు. ఒక్క అడుగు...

"ఏవండీ! ఎక్కడెక్కడ వెతకాలి మిమ్మల్ని?"

గుమ్మంలో భార్య! చంకలో రెండు కుండలు.

"షాపు తాత ఇటొచ్చారని చెప్పాడు. హారన్ మీద హారన్ కొడుతున్నారక్కడ! ఏం కొన్నారేంటి?" వంగి సంచిలో చెయ్యి పెట్టింది.

"వద్దు! అది ముట్టుకోకు!"

బొమ్మ బయటికొచ్చింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పకపకా నవ్వింది.

"అమ్మమ్మో! ఇది మీరే! పెళ్ళినాటి మీరే!"

"నోర్ముయ్! పద బస్సుకి!"

"ఉండండీ! ఈవిడ ఎంత బాగా చెక్కిందో చూడండి. అక్కా, నమ్మవేమో... ఇదిగో, ఈయన గడ్డం పెంచకముందు!"

ఫోన్ తీసి చాచింది.

అతను ఎగబడ్డాడు. చెక్క పొట్టు మీద కాలు జారింది. మోకాళ్ళ మీద పడ్డాడు!

ఆవిడ ఫోన్ అందుకుంది. ఫోటోలో మొహాన్ని అరచేత్తో సగం మూసింది. మిగిలిన సగాన్ని చూసింది. చూస్తూనే ఉంది...

"ఈయనే," అంది.

"నే చెప్పలా!" భార్య నవ్వుతూనే ఉంది. "ఈయనే అక్కా... మా ఆయనే!"

వెనకాల షాపు తాత షట్టరు దభీమని కిందికి లాగాడు!