చొక్కా లోపలి పెన్ను

విల్బర్ టాన్స్‌లీ శవం సోమవారం పొద్దున్న దొరికింది.

ఉత్తరాది చలి ఊరు ఎల్లోనైఫ్‌లో సరస్సు గడ్డకట్టి రెండు నెలలైంది. ఆ గడ్డ మీద, అతని హౌస్‌బోటుకీ ఒడ్డుకీ మధ్యలో, వెల్లకిలా పడి ఉన్నాడు. చలి మైనస్ నలభై మూడు. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. చేతి తొడుగులు పక్కన పడున్నాయి.

"తనే విప్పుకున్నాడు మేడమ్. చావాలనే వచ్చాడు," అన్నాడు కానిస్టేబుల్ డ్వేన్.

"చలికి చచ్చేవాడికి ఆఖర్న ఒళ్ళంతా ఉక్కపోస్తుంది. గుండీలు ఎవడైనా విప్పుకుంటాడు. అది సాక్ష్యం కాదు," అంది కార్పొరల్ ఐరీన్ కార్డినల్.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. పై జేబుల్లో తాళంచెవి, రుమాలు. కోటు కింద స్వెటర్. దాని కింద మందపాటి చొక్కా. దాని కింద బనియను. బనియనుకు లోపలివైపు, సరిగ్గా గుండె దగ్గర, చేత్తో కుట్టిన గుడ్డ జేబు. అందులో ఉన్ని మేజోడు ముక్క. ఆ ముక్కలో ఒక పాత ఫౌంటెన్ పెన్ను, పాళీ పైకి పెట్టి.

"ఈ చలిలో సిరా పెన్నా! ముసలాడికి మతి పోయిందా? లోపల రాయై ఉంటుంది," అన్నాడు డ్వేన్.

ఐరీన్ పెన్నుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా పగుల్లేదు. దాన్ని జేబులో వేసుకుంది.

విల్బర్‌కు నా అన్నవాడు ఒక్కడే. అన్న కొడుకు గార్త్. నలభై ఏళ్ళవాడు, మంచుబండ్లు బాగుచేస్తాడు. షెడ్డులో కూర్చుని ఏడుస్తున్నాడు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న మూడింటికి. ఆదివారం ఆదివారం బాబాయిని తన స్నేహితురాలు డెల్ఫీన్ ఇంటికి నేనే దింపుతాను మేడమ్. నిన్నా వెళ్ళాను. రానన్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

"టేబుల్ దగ్గర కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతున్నాడు."

"దేంతో?"

"ఆ పెన్నుతోనే. ఇంకే పెన్ను ముట్టడు కదా."

"ఏమన్నాడు?"

"'నేనెవరికీ అక్కర్లేదురా, ఇక చాలు, పో' అన్నాడు. నేను వచ్చేశాను." గార్త్ ముక్కు తుడుచుకున్నాడు. "డెల్ఫీన్‌కీ ఇదే చెప్పాను."

చెప్పకుండా ఉంటే ఒక మనిషికి ఆ రోజు కాస్త అన్నం సహించేది.

డెల్ఫీన్ లాఫర్టీ ఇల్లు ఒడ్డున, బండ కింద. డెబ్భై దాటినా నిటారుగా ఉండే మనిషి. ఆ రోజు మాత్రం వంగిపోయి ఉంది. టేబుల్ మీద నిన్నటి పేపరు మడతపెట్టి ఉంది. ఆదివారం ఇద్దరూ కలిసి నింపే గళ్ళన్నీ ఖాళీ. పక్కన రెండు కప్పులు.

"పోయిన వారం గొడవపడ్డాం అమ్మాయ్," అంది, అడక్కుండానే. "ఆ డబ్బా ఇంట్లో ఒంటరిగా ఎందుకు, చలికాలం నా దగ్గరుండు అన్నాను. 'నాకు ఇల్లు లేకనా' అన్నాడు, మహా పౌరుషం. నాకు ఒళ్ళు మండింది. అయితే ఇంకెప్పుడూ రాకు పో అన్నాను. రాలేదు. గార్త్‌తో అన్న మాట విన్నావుగా? నేనే చంపుకున్నాను."

ఓదార్చే విద్య ఐరీన్‌కి రాదు. ఈ ఊళ్ళో మూడో చలికాలం. భోజనం జీపులోనే, ఒక్కతే. ఇంటికి వెళితే పలకరించేది హీటర్ చప్పుడు.

చూపు తప్పించుకోవడానికి స్టవ్ పైన ఉన్న అర వైపు చూసింది. టీ డబ్బా, ఉప్పు, పాత స్కార్ఫు చుట్టిన సిరాబుడ్డి.

"అది?"

"వాడిదే. కిందటేడు వాడి పడవలో స్టవ్ ఆరిపోతే బుడ్డి గడ్డకట్టి పగిలింది. దుప్పటంతా నీలమే. అప్పట్నించి చలికాలం వస్తే బుడ్డి నా దగ్గర దాస్తాడు."

ఐరీన్ చటుక్కున లేచింది.

ముందు హౌస్‌బోటుకు వెళ్ళింది. మూలమూలా వెతికింది. టేబుల్ మీద పెన్సిల్ ముక్క ఒకటి. సిరా చుక్క లేదు. పొయ్యిలో కట్టెలు నిదానంగా కాలేటట్టు సర్ది, గాలి మూత దించి ఉంది. తిరిగి వచ్చేవాడి పొయ్యి అది.

తర్వాత స్టేషన్. పెన్నుని కాగితం మీద పెట్టి, గది వెచ్చదనంలో గంటసేపు వదిలేసింది. మూత తీసింది. వెనక గొట్టం విప్పింది.

కాగితం తెల్లగానే ఉంది.

సాయంత్రం డెల్ఫీన్ వంటగదిలో డెల్ఫీన్, గార్త్, డ్వేన్, ఐరీన్ నలుగురూ కూర్చున్నారు. ఐరీన్ మొదలుపెట్టింది.

"గార్త్, మీ బాబాయి నిన్న రాస్తుండగా చూశావు."

"చూశాను మేడమ్."

"సిరా ఏ రంగు?"

"నీలం. ఎప్పుడూ నీలమే."

"డెల్ఫీన్, రాయడం అయ్యాక పెన్నులో మిగిలిన సిరా ఏం చేసేవాడు?"

"తిరిగి బుడ్డిలోకి పిండేసేవాడు. కడిగి, తుడిచి పట్టుకెళ్ళేవాడు. సిరాతో బయటికి వెళితే గడ్డకట్టి పెన్ను పగులుతుందని."

"అంటే వారమంతా అక్కడ పెన్ను ఖాళీ. ఇంట్లో సిరా లేదు, నేను వెతికాను. మరి నిన్న దేంతో రాశాడు గార్త్?"

గార్త్ చూపు అర మీది సిరాబుడ్డి వైపు పోయింది.

"నువ్వు వెళ్ళావా అసలు?"

"వెళ్ళాను... ఆలస్యంగా."

"ఎందుకు?"

"టీవీలో హాకీ. ఆట తేలక ఓవర్‌టైమ్ పడింది." అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. "అయ్యాక వెళ్ళాను. పడవలో దీపం లేదు, చీకట్లో దారి పక్కన ఏమీ కనపడలేదు. నడుచుకుంటూ వెళ్ళిపోయి ఉంటాడు, ఈపాటికి డెల్ఫీన్ చేత తిట్లు తింటూ ఉంటాడు అనుకున్నాను. పొద్దున్న కబురొచ్చింది. ఎలా చెప్పను? ఆట చూస్తూ మర్చిపోయానని ఎలా చెప్పను?"

"అందుకని చచ్చినవాడి నోట్లో మాట పెట్టావా?" అంది ఐరీన్. గొంతు పెంచలేదు. "ఆ మాట మోయడానికి ఈవిణ్ణి పెట్టావా?"

గార్త్ తల వంచేశాడు. డెల్ఫీన్ అతని వైపు చూడనైనా చూడలేదు.

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క డౌట్ మేడమ్. ఖాళీ పెన్ను చలికి పగలదుగా. దాన్ని అంత లోపల, ఒంటికి ఆనించి ఎందుకు పెట్టుకున్నట్టు?"

ఐరీన్ డెల్ఫీన్ వైపు చూసింది.

"చల్లటి పెన్నులో సిరా పోస్తే..." డెల్ఫీన్ మెల్లగా అంది. "కాసేపటికి వెచ్చబడి కక్కుతుంది. నా టేబుల్ గుడ్డ రెండుసార్లు పాడుచేశాడు. నానా తిట్లూ తిట్టాను. ఆ లోపలి జేబు నేనే కుట్టిచ్చాను. అప్పట్నించి..."

టేబుల్ గుడ్డ అంచు సర్దింది.

"అప్పట్నించి మీ ఇంటికి వచ్చేటప్పుడు మాత్రమే దాన్ని అక్కడ పెట్టుకునేవాడు," అంది ఐరీన్. "చావడానికి బయల్దేరినవాడు మీ టేబుల్ గుడ్డ గురించి ఆలోచించడు. రావద్దన్నా మీ దగ్గరికే వస్తున్నాడు. బండి రాకపోతే నడిచి వస్తున్నాడు. సగం దూరం వచ్చాడు."

డెల్ఫీన్ అప్పుడు ఏడ్చింది. పొద్దున్నించి బిగపట్టుకున్నదంతా ఏడ్చింది. గార్త్ లేచి నిలబడి, ఏమీ అనలేక, డ్వేన్ వెనకాలే బయటికి నడిచాడు. కొత్త వాంగ్మూలం రాయించుకోవాలి.

ఐరీన్ కోటు జేబులోంచి పెన్ను తీసి టేబుల్ మీద పెట్టింది. "ఇది మీ దగ్గరుండాలి."

డెల్ఫీన్ కళ్ళు తుడుచుకుని లేచింది. అర మీది బుడ్డి దించి, స్కార్ఫు విప్పింది. పెన్ను చేతిలోకి తీసుకుని, ఉలిక్కిపడింది.

"ఐసుముక్కలా ఉంది! పై జేబులో పడేసి తెచ్చావా?"

"అవును," అంది ఐరీన్, బడిపిల్లలా.

"పోలీసువి, ఆ మాత్రం తెలీదూ?" డెల్ఫీన్ పెన్నుని స్వెటర్ లోపలికి, చొక్కా లోపలికి, గుండె దగ్గరికి పెట్టుకుంది. పాళీ పైకి. పైన అరచెయ్యి ఆనించింది.

"ముందు వెచ్చబడనీ. అప్పుడు సిరా పోద్దాం. ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తున్నారా నీకోసం?"

"ఎవరూ లేరు."

డెల్ఫీన్ రెండో కప్పుని ఆమె ముందుకు జరిపింది.

"అయితే కూర్చో అమ్మాయ్. పేపర్లో గళ్ళన్నీ అలాగే ఉన్నాయి."