పొయ్యి ఆరనంతకాలం

"పొలం, పశువులు, బావి, ఇల్లు... అన్నీ అబ్బాయివి. మీకు పెరటివైపు గది, పూటకో చెంబు పాలు. ఆ గదిలో పొయ్యి ఒక్కరోజు చల్లారినా మీ హక్కు చెల్లదు!"

వీలునామా చదవడం ముగించి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు దస్తావేజులు రాసే లేఖరి. ఎదురుగా కూర్చుని ఉంది, చనిపోయిన రైతు భార్య. ఇరవై రెండేళ్ల కాపురం! తల్లిలేని నాలుగేళ్ల పిల్లవాణ్ణి సొంత కొడుకులా పెంచితే, ఆఖరికి ఆయన మిగిల్చింది ఒక పొయ్యి! కోపంతో రాయించాడా అంటే అదీ కాదు. భార్యను ఇల్లు కదలనివ్వని ఆ షరతు అప్పట్లో రైతులందరూ పెట్టేదే. పక్కింటాయన కాగితం తెప్పించుకుని మక్కికి మక్కి రాయించాడు మహానుభావుడు!

ఆనాటి నుంచి ఆమె ఊరు దాటలేదు. పొద్దున్నే బూడిద కింద నిప్పు కదిలించడం, కట్టె పెట్టడం, ఊదడం... అదే బతుకైపోయింది. సవతి కొడుకు గది గుమ్మంలో నిలబడి, "విత్తనాల బస్తాలకు చోటు చాలడం లేదు పిన్నీ" అంటూ గోడలు కొలిచినట్టు చూసి వెళ్లేవాడు. కోడలితో మాటలే లేవు. పాలు సగం చెంబే పోస్తోందని ఆమె అనడం, కోడలు చెంబు ఠపీమని కింద పెట్టడం... అంతటితో మాటలు బంద్!

ఒకరోజు ఉదయం, ఆమె సొంత కూతుర్ని ఇచ్చిన ఊరి నుంచి బండివాడు పరుగున వచ్చాడు.

"అమ్మా, మీ అమ్మాయికి నొప్పులు మొదలై రెండు రోజులైంది. కాన్పు కావడం లేదు. మంత్రసాని కంగారు పడుతోంది. అమ్మాయి మిమ్మల్నే కలవరిస్తోంది..."

ఆమె పొయ్యి వైపు చూసింది. వెళితే గది పోతుంది. కోడల్ని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. 'గది పోతే పోయింది... నా బిడ్డ!' అనుకుని, కళ్లు తుడుచుకుంటూ బండెక్కింది.

కాన్పు కష్టమైంది గానీ తల్లీ బిడ్డా దక్కారు. ఐదో రోజు మధ్యాహ్నం ఆమె ఇల్లు చేరేసరికి పెరట్లో విత్తనాల బస్తాలు వరుసగా పేర్చి ఉన్నాయి. పక్కనే కొడుకు, లేఖరి.

"నామీద కోపం వద్దు పిన్నీ... నాన్న రాసిందే కదా" అన్నాడు కొడుకు, తల దించుకుని.

"కానివ్వు నాయనా. నా బట్టల మూట తీసుకుంటాను, అంతే" అందామె.

లేఖరి పద్ధతి ప్రకారం గదిలోకి వెళ్లి, పొయ్యిలోని బూడిదలో చెయ్యి పెట్టాడు. "అమ్మో!" అంటూ వేళ్లు ఊదుకుంటూ బయటికి వచ్చాడు. "నిప్పు కణకణలాడుతోందయ్యా!"

కొడుకు తెల్లబోయి, వెనక గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "నువ్వా?"

"నేనే!" అంది కోడలు. చేతులకు ఇంకా మసి ఉంది. "రేపు మీరూ ఇలాంటిదే రాయిస్తారుగా! అప్పుడు నా కూతురి పురిటికి నేను వెళ్లొద్దూ?"

అతను బస్తాల వైపు చూశాడు.

"పొయ్యి ఆరకూడదనే ఉంది. ఎవరు వెలిగించాలో లేదు. గది ఆమెదే" అన్నాడు లేఖరి, వేళ్లు ఊదుకుంటూనే.

ఆమె గబగబా వెళ్లి కోడలి చేతులు పట్టుకుంది. దుఃఖం ఆగలేదు. "నిన్ను అనరాని మాటలన్నానే తల్లీ... పాలు సగమే పోస్తున్నావని..."

"సగమే పోశాను అత్తయ్యా, అబద్ధం ఎందుకు?" అంది కోడలు, ఏడుస్తూనే నవ్వుతూ. "ముందు చెప్పండి, పాపా, బాబా?"

"పాపే!"

కొడుకు ఒక బస్తా భుజానికెత్తుకుని పాకవైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"లేఖరిగారూ, కలం తెచ్చారా? నా వీలునామా కూడా రాసేయండి. అందులో పొయ్యి మాట వద్దు."

లేఖరి అరుగు మీద కూర్చుని కాగితం విప్పాడు.