గేటుకిచ్చిన డబ్బా

"పెయింట్ ఊడగొట్టే రిమూవర్ కావాలండీ. ఉన్నవాటిలో ఘాటైనది ఇవ్వండి," అన్నాడతను, తడిసిన గొడుగు మడుస్తూ.

"దేని మీద పెయింటు?" అంది కౌంటర్లో ఉన్న అమ్మాయి. షాపు వాళ్ల నాన్నది.

"ఏదైతే ఏంటి? పెయింట్ పెయింటే కదా."

"తలనొప్పికీ పంటినొప్పికీ ఒకటే మాత్ర వేసుకుంటారా?"

"ఒకటే వేసుకుంటానండీ."

ఆమెకి నవ్వాగలేదు.

అతనిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. తల్లితో ఉంటున్న పాత ఇంటిని సెలవురోజుల్లో తనే బాగుచేసుకుంటున్నాడు. ఇనుప గేటుకని ఆమె కాస్టిక్ ఉన్న రిమూవర్ ఇచ్చింది. "గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. అల్యూమినియం కిటికీలకి తగలనివ్వకండి, లోహాన్నే తినేస్తుంది."

ఆ తర్వాత కిటికీల కోసం వచ్చాడు. మరోసారి ప్లాస్టిక్ కుర్చీ కోసం.

"రిమూవర్ రాస్తే కుర్చీయే కరిగిపోతుంది. కొత్తది కొనుక్కోండి."

"అయితే ఇంకేం గీకాలో మీరే చెప్పండి. ఇక్కడికి రావడానికి ఏదో ఒక వంక ఉండాలిగా."

ఆమె రంగుల కార్డు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూడసాగింది.

ఒకరోజు ఫోన్లో భోజనాల బల్ల ఫోటో చూపించాడు. చనిపోయిన వాళ్ల నాన్న స్వయంగా చేసిన బల్ల. ఆమె ఫోటో పెద్దది చేసి చూసింది.

"పైన కాగితమంత పల్చటి చెక్కపొర అతికించారు. జెల్ రిమూవర్ వాడండి. ముందు అడుగున ఓ మూల రాసి చూడండి. గేటుకిచ్చింది మాత్రం వద్దు. చెక్క నల్లబడుతుంది, జిగురు ఊడుతుంది."

"చిత్తం మేడమ్."

మూడోనాడు అతని తల్లి షాపులోకొచ్చింది. వెనకే అతను.

"నా బల్ల నాశనమైంది. పొరలు పొరలుగా లేచిపోయింది," అందావిడ. "నువ్వే ఆ మందు ఇచ్చావట. తెలియకపోతే తెలియదని చెప్పాలి. మా ఆయన చేతి గుర్తు అదొక్కటే ఉండేది."

ఆమె అతని వైపు చూసింది. పొరలు లేచాయనగానే ఆమెకి అర్థమైంది. జెల్‌తో పని ఆలస్యమవుతోందని కాబోలు, గేటుకి వాడగా మిగిలిన డబ్బా అతనే బల్ల మీద వొంపాడు. ఆ మాట ఇప్పుడు చెబుతాడనుకుంది.

అతను నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మాయి నాన్న లోపల్నుంచి వచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పాడు. ఆ వారమంతా ఆమెని కౌంటర్లో కూర్చోనివ్వలేదు.

తర్వాత ఒక సాయంత్రం అతనొక్కడే వచ్చాడు.

"నిద్ర పట్టడం లేదు. మీరంటే నాకు ప్రాణం. అమ్మని ఎలాగైనా ఒప్పిస్తాను."

"ఆ రోజు నేనంటే ప్రాణమని చెప్పమన్నానా? 'ఈ అమ్మాయి వద్దనే చెప్పిందమ్మా' అంటే సరిపోయేది."

"అమ్మ ఏడుస్తుంటే నోరు పెగల్లేదు."

"మీ అమ్మగారు మళ్లీ ఏడుస్తారు. అప్పుడు కూడా పక్కన ఉండేది నేనే, నింద పడేదీ నా మీదే."

"నిజం ఇవాళే చెప్పేస్తాను."

"చెప్పండి. ఆవిడకి తెలియాలి. నాకోసం మాత్రం కాదు."

అతను వెళ్లిపోయాడు. లోపల డబ్బాలు సర్దుతున్న నాన్న అంతా విన్నాడు. బయటికొచ్చి నెమ్మదిగా కూతురి పక్కన కూర్చున్నాడు.

"మనిషి చెడ్డవాడేం కాదనుకుంటానమ్మా."

"మంచివాడే నాన్నా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "అందుకే ఏడుపొస్తోంది."