ఆదివారం దాకా ఆగమన్నాడు

"పర్మిషన్ లెటర్ లేకుండ పాలపొడి డబ్బాలెట్ల ఇస్త మేడమ్?"

దోహాలోని అబూ హమూర్ గోడౌన్‌లో సీతాలక్ష్మితో రాజేందర్ అన్న మొదటి మాట అదే. పిల్లల పాలపొడి దిగుమతి చేసే కంపెనీలో అతను క్వాలిటీ ఆఫీసర్. ఊరు కరీంనగర్.

"కొంటానండీ, ఊరికే అడగట్లేదు. తల్లిపాలలో ఉండే ప్రత్యేకమైన చక్కెరల మీద రీసెర్చ్ చేస్తున్నాను. మీ డబ్బా మీదా అవి ఉన్నాయని రాశారుగా? నిజమో కాదో చూద్దామని."

"అంటే మా మీదనే డౌటా?"

"మీ మీద కాదు, డబ్బా మీద," అని నవ్వింది ఆ రాజమండ్రి పిల్ల.

రాజేందర్ లెటర్ సంగతి మరిచిపోయాడు.

తర్వాత కొత్త సరుకు వచ్చినప్పుడల్లా డబ్బా కొనడానికి ఆమే వచ్చేది. ఫుట్‌బాల్ ప్రపంచకప్ స్టేడియం పనులకు రోడ్లన్నీ తవ్వేయడంతో ఆలస్యమయ్యేది. అతను యాలకులు వేసిన కరక్ చాయ్ తెప్పించి ఎదురుచూసేవాడు.

దోహాలో అరుదుగా పడే వాన పడిందొకరోజు. ఆమెను దింపడానికి వెళ్తూ ఇద్దరూ కారులో చిక్కుకుపోయారు.

"ఆ చక్కెరలు బిడ్డకు అరగవు, తెలుసా?"

"అరగనిది తల్లెందుకు ఇస్తది?"

"పొట్టలో ఉండే మంచి బ్యాక్టీరియా కోసం. అవి తిని బిడ్డను కాపాడతాయి."

"బిడ్డతోపాటు చుట్టాలకు గూడ భోజనమన్నట్టు!"

ఆమె పడిపడి నవ్వింది. "మీ కరీంనగర్ వాళ్ళంతా ఇంతేనా?"

"వచ్చి చూస్తె తెలుస్తది."

ఆమె అద్దం మీద జారే చినుకులను చూస్తూ కూర్చుంది.

ఒక గురువారం మధ్యాహ్నం మాత్రం నవ్వకుండా వచ్చింది.

"మీ చివరి బ్యాచ్‌లో ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఉంది. మా ల్యాబ్‌లో మళ్ళీ టెస్ట్ చేశాం, అదే వచ్చింది. పురిటిబిడ్డలకైతే ప్రాణం మీదికొస్తుంది. ముందు నీకే చెప్తున్నా. ఇవ్వాళే షాపుల్లోంచి తీయించెయ్."

ఆ బ్యాచ్‌ను బయటికి వదిలిన సంతకం రాజేందర్‌దే.

"మా మేనేజర్ సార్ దేశంల లేడు, శుక్ర, శని సెలవులైనంక వస్తడు. ఆదివారం దాకా ఆగు సీతా. నౌకరి పోతది. నా కోసం ఆగు."

"ఈలోగా కొనేవాళ్ళ మాటేంటి? సాయంత్రం దాకా చూస్తా. తీయించి నాకు ఫోన్ చెయ్యి."

షాపులకు చెబుదామని ఎన్నోసార్లు ఫోన్ తీశాడు. చేయలేకపోయాడు.

శుక్రవారం పొద్దున అల్ హిలాల్ ప్రాంతంలోని ఒక షాపులో, చంకలో పసిగుడ్డుతో ఉన్న తల్లి అదే బ్యాచ్ డబ్బా కొంటోంది. డబ్బాలు తీశారో లేదో చూడ్డానికి వచ్చిన సీతాలక్ష్మి బతిమాలి ఆ డబ్బా వెనక్కి పెట్టించింది. అక్కడే నిలబడి ఆహార భద్రతా ఆఫీసుకు ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు.

రాజేందర్ ఉద్యోగం కూడా పోలేదు.

'నన్ను నమ్మలేదు గదా' అని కోపంగా మెసేజ్ పెట్టాడు. జవాబు రాలేదు. తప్పెవరిదో అతనికి అర్థమయ్యేసరికి, ఆమె ప్రాజెక్టు ముగించుకుని హైదరాబాద్ వెళ్ళిపోయింది.

అతను ఆమెను మళ్ళీ చూసింది కొన్నేళ్ళకు, ప్రపంచకప్ ఇంకొద్ది వారాల్లో ఉందనగా. పిల్లల ఆహారం మీద సదస్సుకు ఆమె దోహా వచ్చింది. రాజేందర్ హాలు బయట కాచుకున్నాడు.

"తప్పు నాదే సీతా. ఆనాడు భయపడ్డ. నువ్వంటే ఇష్టమని గూడ చెప్పలేదు."

"ఆ సాయంత్రమంతా ఫోన్ దగ్గరే కూర్చున్నా. నువ్వు చేస్తావనే అనుకున్నా," అంది ఆమె. "చేసుంటే మర్నాడే నాన్నగారితో నీ గురించి చెప్పేదాన్ని."

"ఇప్పుడు..."

"ఇప్పుడు నాకో పాప ఉంది, రాజేందర్."

అతను తల దించుకున్నాడు.

"పాపకి నా పాలు చాల్లేదు. డబ్బాపాలే పడుతున్నా. డబ్బా తెరిచినప్పుడల్లా, దీన్ని బయటికి వదిలినవాడు తేడా వస్తే ఫోన్ చేసే మనిషేనా అనుకుంటా."

"ఇప్పుడైతె చేస్త సీతా."

"తెలుసు," అంది మెల్లగా.

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె వెళ్ళిపోయింది.